ఎక్కకుండా విప్పకు

“మార్చడం కుదరదు బాబాయ్ గారూ” అని రిపేరు షాపు అమ్మాయి తల ఎత్తకుండానే చెప్పింది, చెబుతూనే ల్యాప్‌టాప్ అడుగున స్క్రూలు విప్పుతోంది. కుదరనప్పుడు విప్పడం దేనికని అడగబోయి అతను ఆగిపోయాడు, పనిలో ఉన్న చేతిని మాటతో కదపకూడదని లిఫ్టుల పనిలో తోటివాళ్ళకు చెప్పేది తానే. ఒడిలో పెట్టె ఉంది. పెట్టెకు ఒక పక్క కిటికీ ఉంది, కిటికీలోంచి లోహపు పలక కనిపిస్తోంది, తపాలా బిళ్ళ కంటే కాస్త పెద్దది, దాని మీద అక్షరాలు. కొత్త తరం ప్రాసెసర్. కొట్టువాడిని కొత్త తరంది కావాలని అడిగాడు, కొట్టువాడు ఇచ్చాడు, దేనిలో పెడతారని వాడు అడగలేదు, దేనిలో పెడతానో ఇతనూ చెప్పలేదు. “సీలు మాత్రం కొయ్యకండి, వెనక్కి తీసుకుంటారు” అని రాగానే ఆమె చెప్పింది, అప్పటి నుంచి అతని బొటనవేలు ఆ సీలు మీదే ఉంది, ఎవరైనా వచ్చి కోసేస్తారేమో అన్నట్టు. ల్యాప్‌టాప్ అతనిది కాదు. కూతురిది. కూతురికి తెలియకుండా తెచ్చాడు. సాయంత్రం ఏడింటికి కూతురు ఆ ల్యాప్‌టాప్ మీద ఒక పందెంలో దిగాలి, ఆ పందెంలో నెగ్గినవాళ్ళను జట్టులోకి తీసుకుంటారు, ఇప్పుడు నాలుగు దాటింది, ల్యాప్‌టాప్ అడుగు ఊడి బల్ల మీద పడి ఉంది.

కార్ల పందెం. కంప్యూటర్‌లో. మొదట్లో అతను దాన్ని ఆట అనేవాడు, కూతురు ఒకసారి అతన్ని కూర్చోబెట్టి స్టీరింగు చేతికిచ్చింది, మొదటి మలుపులోనే గడ్డిలోకి వెళ్ళి గోడకు కొట్టుకుని ఆగాడు, ఆ రోజు నుంచి ఆట అనలేదు. స్టీరింగు అన్నం తినే బల్లకు బిగించి ఉంటుంది. విప్పమంటే మళ్ళీ బిగించడానికి కొలత తప్పుతుందంటుంది, అందుకని ఇంట్లో ముగ్గురూ స్టీరింగు పక్క నుంచే కంచాలు పెట్టుకుంటారు. పులుసు గిన్నె దాని మీద ఒలికిన రోజు భార్య, కూతురు మాట్లాడుకోలేదు. కూతురి పేరు ఇంట్లో ఎవరూ వాడరు, బొంగరం అంటారు, నడక వచ్చిన కొత్తలో ఉన్నచోటే తిరిగి తిరిగి పడేది, పడి నవ్వేది. ఆ బొంగరం గెలిచింది, చిన్న పందేలు, తర్వాత కాస్త పెద్దవి. గెలిచిన రాత్రి అతను తెర వైపు చూసి రోడ్డు పక్కన ఏమీ లేదేంటే అన్నాడు. చెట్లు తీసేశాను నాన్నా అంది. చెట్లు, నీడలు, గట్టు మీద జనం, ఆకాశంలో మబ్బులు, ఒక్కొక్కటే తీసేసింది, అవి గీయడానికి ల్యాప్‌టాప్‌కు ఓపిక చాలదు, అవి పోతే ఆ ఓపిక కారుకు మిగులుతుంది. బూడిద రంగు నేల, బూడిద రంగు ఆకాశం, మధ్యలో రోడ్డు, రోడ్డు మీద తన కూతురు. తక్కిన పిల్లలందరూ చెట్ల మధ్య నడుపుతున్నారు. ఆ రాత్రి అతనికి నిద్ర పట్టలేదు, కోపం వల్ల కాదు, ఏదో తీసేసి బతకడం ఈ పిల్ల ఎక్కడ నేర్చుకుందని. చెట్లు పెట్టించాలి అనుకున్నాడు. అనుకుని అడిగాడు, బాగా ఆడాలంటే ఏం మంచిదై ఉండాలని ఎవరినో అడిగాడు, ప్రాసెసర్ అన్నారు. ఇంజిను లాంటిదన్నమాట, మారిస్తే సరి.

మారిస్తే సరి అని అతను అనుకోవడంలో తప్పేమీ లేదు, అతని వృత్తే అది. ముప్పై ఏళ్ళుగా పాత భవనాలకు కొత్త లిఫ్టులు వేస్తున్నాడు, కొత్తవంటే కొత్తవి కావు, క్యాబిను అదే, పట్టాలు అవే, మోటారు మారుతుంది, కంట్రోల్ ప్యానెల్ మారుతుంది, అరలు అరలుగా రిలేలు టకటకలాడే పెట్టె తీసేసి మనిషి చేతిలో పట్టే బోర్డు పెడతారు, మర్నాడు ముసలివాళ్ళు ఎక్కి మన లిఫ్టుకు ఇంత ప్రాణం ఎక్కడిదయ్యా అంటారు. ఏ యంత్రానికైనా గుండె మార్చవచ్చని అతని నమ్మకం. “ఇది కూడా అంతే కదమ్మాయ్” అన్నాడు ఇందాక. ఆమె చేతిలోని స్క్రూడ్రైవరు ఆపింది. “బయట పెద్ద కంప్యూటర్లలో అంతే బాబాయ్ గారూ. అక్కడ సాకెట్ ఉంటుంది, గడియ తీసి పాతది ఎత్తి కొత్తది పెట్టుకోవచ్చు. మీ పెట్టెలో ఉన్నది అలాంటి వాటికి. ల్యాప్‌టాప్‌లో సాకెట్ ఉండదు. చిప్పును తెచ్చి బోర్డుకే సోల్డర్ చేసి అతికించేస్తారు. ఊడబెరికినా కొత్త తరంది ఆ చోట కూర్చోదు. కూర్చోబెట్టినా బోర్డుకు దాని భాష రాదు, దానికి కావలసిన కరెంటు కూడా ఇవ్వలేదు. ర్యామ్ మార్చుకోవచ్చు, డిస్కు మార్చుకోవచ్చు. ఇది మాత్రం పుట్టుకతో వచ్చిందే.” అతను నవ్వాడు. ఆమె ఎందుకన్నట్టు చూసింది. ఏమీ లేదమ్మాయ్ అన్నాడు. ఒకప్పుడు ఒక భవనం యజమాని, సన్నటి మెట్ల నడుమ సన్నటి లిఫ్టు ఉన్న భవనం, మంచం పట్టే క్యాబిను వేయమన్నాడు, క్యాబిను తిరిగే షాఫ్టు చూపించి కుదరదన్నాడు ఇతను, డబ్బు గురించి ఆలోచించకు అన్నాడు యజమాని, గోడలు ఎవరు జరుపుతారండీ అని ఇతను అడిగి అందరి ముందూ నవ్వాడు. ఆ యజమాని ఇప్పుడు తానే, ఒడిలో మంచం పెట్టుకుని కూర్చున్నాడు.

ఆమె స్క్రూలను గిన్నెలో వేయడం లేదు. అయస్కాంతపు పలక మీద పెడుతోంది, మూలవి మూలలో, మధ్యవి మధ్యలో, ల్యాప్‌టాప్ లేకుండానే ల్యాప్‌టాప్ ఆకారం పలక మీద తయారవుతోంది. అతను అట్టముక్క మీద అదే చేస్తాడు, అట్టకు చిల్లులు పొడిచి. ఈ పని ఆమెకు ఎవరు నేర్పారో, తనకు పెద్దమేస్త్రి నేర్పాడు, నేర్పడమంటే చెప్పడం కాదు, కలిపి పోసిన స్క్రూలను ఒకసారి మెట్ల మీద విసిరేసి ఏరుకోమన్నాడు. కుర్చీ కాస్త ముందుకు లాక్కుని చూశాడు. లోపల ఇంత ఖాళీ లేకుండా ఉంటుందని అనుకోలేదు. నల్లటి బోర్డు, దాని మీద గీతలు, ఒక గీత వంగితే పక్క గీతలన్నీ దానితో వంగుతున్నాయి, ఎక్కడా ఒకదాన్నొకటి దాటడం లేదు, దాటవలసి వస్తే కిందికి మునిగి అవతల తేలుతున్నాయి. ఎవరో కూర్చుని గీశారు. ఎక్కడో ఒక గదిలో, ఒక మనిషి లేదా పదిమంది, ఈ గీత ఇటు పోవాలని వాదించుకుని ఉంటారు, ఒకళ్ళు అలిగి వెళ్ళిపోయి మళ్ళీ వచ్చి ఉంటారు, అలా వాదించుకుని గీసినదాన్ని నల్లరంగు వేసి మూతపెట్టి పంపేశారు, ఎవరూ చూడరని తెలిసి కూడా అడ్డదిడ్డంగా గీయలేదు. లిఫ్టు షాఫ్టు లోపల కూడా అంతే, పట్టాల వెనక వైర్లు అతను దారంతో వరసగా కడతాడు, ఎవరు చూస్తారయ్యా అని కాంట్రాక్టరు విసుక్కుంటాడు. తర్వాత వచ్చే మెకానిక్ చూస్తాడు. ఇదుగో, తర్వాత వచ్చినవాళ్ళు ఇద్దరూ ఇక్కడ కూర్చుని చూస్తున్నారు.

“ఈ గొట్టాలేంటమ్మాయ్?” బోర్డు మధ్య నుంచి ఫ్యాన్ల దాకా రాగి గొట్టాలు పోతున్నాయి, నొక్కి చదును చేసినవి. “హీట్ పైపులు. చిప్పు వేడిని ఫ్యాను దగ్గరకు మోసుకెళ్తాయి.” “దేంతో? మోటారు లేదుగా.” “లోపల చుక్క నీళ్ళుంటాయి. గాలి తీసేసి మూసేస్తారు. చిప్పు దగ్గర వేడికి ఆవిరై అటు పోతాయి, ఫ్యాను దగ్గర చల్లబడి మళ్ళీ నీళ్ళవుతాయి, గొట్టం గోడకు లోపల వత్తి లాంటిది ఉంటుంది, దాన్ని పట్టుకుని వెనక్కి వస్తాయి. అంతే, తిరుగుతూ ఉంటాయి.” అతను వేలితో గాలిలో ఆ దారి గీశాడు. బరువెత్తుకుని పోవడం, దించి ఖాళీగా రావడం. తాడు లేదు, మోటారు లేదు, క్యాబినుకు ఎదురు తూగే బరువు లేదు, బ్రేకు లేదు, ఎక్కేవాళ్ళు తిట్టుకోవడం లేదు, ఒక చుక్క నీళ్ళు, మీట నొక్కేవాళ్ళు లేకుండా, ఇన్నేళ్ళుగా బొంగరం చేతుల కింద, అన్నం బల్ల మీద, పులుసు గిన్నె పక్కన, లిఫ్టు నడుస్తోంది. నేను లిఫ్టు మెకానిక్‌ని, నా ఇంట్లో నడిచే లిఫ్టు నాకు తెలియదు. పెద్దమేస్త్రి ఉంటే చూపించాలి, చూసి ఏమంటాడు, ముందు నమ్మడు, గొట్టం కోసి చూపించమంటాడు, కోస్తే గాలి చేరుతుంది మేస్త్రీ అంటే ఓహో అని గడ్డం గోక్కుంటాడు. గడ్డం గోక్కున్నాడంటే మెచ్చుకున్నట్టే. బతికుండగా తనను మెచ్చుకుంటూ రెండుసార్లో మూడుసార్లో గోక్కున్నాడు.

“ఇంతకీ ఎక్కడ ఆగుతోంది బాబాయ్ గారూ?”

ఏంటన్నట్టు చూశాడు. “ఆటలో. మొదలుపెట్టగానే ఆగుతోందా, ఆడగా ఆడగా ఆగుతోందా? ఏ మలుపులోనైనా ఆగుతోందా, ఒక్క చోటేనా? ఆగినప్పుడు ఫ్యాను చప్పుడు ఎలా ఉంది?” అతనికి చెట్లు లేవని తెలుసు. అంతకు మించి తెలియదు. ఎక్కకుండా విప్పకు. పెద్దమేస్త్రి మాట అది, రోజూ అనేవాడు, లిఫ్టు చెడిందని పిలిస్తే నేరుగా మిషన్ గదికి పోయి పెట్టె తెరిచేవాణ్ణి మెడ పట్టుకుని వెనక్కి తెచ్చేవాడు. ముందు ఎక్కు. కిందినుంచి పైదాకా, పైనుంచి కిందిదాకా. అరచెయ్యి గోడకు ఆనించు, కళ్ళు మూసుకో, ఎక్కడ వణికిందో ఏ అంతస్తు దగ్గర మూలిగిందో చెప్పు, చెప్పగలిగాక విప్పు. అసలు కదలకపోతే? కదలనిదాంట్లో కూడా నిలబడు, రోజూ ఎక్కేవాళ్ళను అడుగు, వాళ్ళకు తెలుసు. అలా కూరగాయల సంచులతో నిలబడ్డ ఆడవాళ్ళను, బడి నుంచి వచ్చే పిల్లలను అడిగి అడిగి అతను లిఫ్టులు బాగుచేశాడు, ఇప్పటికీ ఏ భవనానికి పోయినా ముందు ఎక్కుతాడు. ఇందాక ఈ షాపుకు వచ్చేటప్పుడు కూడా ఇక్కడి లిఫ్టులో చెయ్యి గోడకు ఆనించే వచ్చాడు, బ్రేకు లైనింగు అరిగింది, మూడో అంతస్తు దగ్గర తెలిసిపోతోంది. ఎవరిదో లిఫ్టు ఎక్కి చూశాడు. బొంగరం పక్కన కూర్చుని ఒక్క పందెం మొత్తం చూడలేదు. గెలిచాక పిలిస్తే వచ్చి చూసేవాడు. పెట్టె కొనుక్కుని, స్క్రూలు విప్పించి, అప్పుడు ఎక్కడ ఆగుతోందో తెలియదని కూర్చున్నాడు, పెద్దమేస్త్రి ఉంటే మెడ పట్టుకునేవాడు.

ఫోను మోగింది. భార్య.

“ఎక్కడున్నారు?”

“పని మీద ఉన్నాను.”

“ఆదివారం ఏం పని? బొంగరం వచ్చేసింది. ల్యాప్‌టాప్ కనబడట్లేదని ఇల్లు పీకి పందిరేస్తోంది. మీకేమైనా తెలుసా?”

“తెలుసు.”

“ఏం చేశారండీ దాన్ని?”

“నేనింకా ఏమీ చెయ్యలేదు.”

“చెయ్యబోతున్నారన్నమాట. కాలి కొలత తెలియకుండా చెప్పులు కొనుక్కొచ్చే మనిషి మీరు, ఇప్పటికీ అవి అటక మీదే ఉన్నాయి. ఉండండి, దానికిస్తాను.”

ఫోను చేతులు మారిన చప్పుడు. “నాన్నా, నీ దగ్గరుందా?”

“ఉంది.”

“బతికుందా?”

“విప్పి ఉంది.”

అరుస్తుందనుకున్నాడు. అరవలేదు. ఊపిరి తీసుకుని వదలడం వినిపించింది. మలుపు ముందు కూడా ఇలాగే తీసుకుంటుందేమో. “ఎవరు విప్పారు? నువ్వేనా?”

“కాదు. రిపేరు షాపులో అమ్మాయి.”

“హమ్మయ్య.”

“హమ్మయ్య ఏంటే? నేను విప్పలేనా?”

“నువ్వు విప్పితే రెండు అంతస్తుల మధ్య ఆపుతావు.”

రిపేరు అమ్మాయి నవ్వింది, ఫోను స్పీకరు మీద పెట్టమని సైగ చేసింది. పెట్టాడు. “బొంగరం, ఎక్కడ ఆగుతోందే?” అని అడిగాడు, అడుగుతున్నప్పుడు తన గొంతు కూరగాయల సంచీ ఉన్న ఎవరినో అడుగుతున్నట్టుందని అతనికే తెలిసింది. కూతురు ఆలోచించలేదు. “మొదట్లో బాగానే ఉంటుంది నాన్నా. కొన్ని చుట్లు అయ్యాక ఫ్యాను అరవడం మొదలుపెడుతుంది. అది అరిచిందంటే ఇక వంతెన దాటాక వచ్చే వంపులో బొమ్మ ఆగిపోతుంది. రెప్పపాటే. మళ్ళీ కదిలేసరికి కారు గోడ పక్కన ఉంటుంది.”

“మరి ఎలా తిప్పుతున్నావు?”

“ఆగుతుందని తెలుసుగా. ఆగకముందే తిప్పేస్తా. అక్కడ అసలు చూడను, కళ్ళు మూసుకుంటా. చేతికి తెలుసు.”

అతను బల్ల అంచు పట్టుకున్నాడు. అక్కడ చూడను, కళ్ళు మూసుకుంటా. చెట్లు తీసేసింది, నీడలు తీసేసింది, చివరికి ఆ వంపులో చూపు కూడా తీసేసుకుంది, తీసేసుకుని గెలిచింది, ఎవరికీ చెప్పలేదు. మిషన్ గదిలోకి వెళ్ళి పెట్టె తెరవలేదు, ఇంకొకటి కొనమనలేదు, ఎక్కింది, ఎక్కిన ప్రతిసారీ ఎక్కడ వణుకుతోందో అరచేత్తో తెలుసుకుంది. పెద్దమేస్త్రి ఈ పిల్లను చూడలేదు. చూసి ఉంటే ఆ రోజంతా గడ్డం గోక్కుంటూ కూర్చునేవాడు.

“ప్రాసెసర్ మార్చడం కుదరదటే” అన్నాడు, ఇంకేమనాలో తోచక.

“ల్యాప్‌టాప్‌లో ఎవరు మారుస్తారు నాన్నా, కొన్నప్పుడే తెలుసు.”

“మరి నాకు చెప్పలేదే?”

“నువ్వు అడగలేదుగా. ఆగాగు, కొంపదీసి కొన్నావా ఏంటి?”

పెట్టె వైపు చూశాడు. “ఇంటికొచ్చి చెప్తా.”

“అమ్మా, నాన్న కొనేశాడు!” అని వినబడింది, భార్య నవ్వూ వినబడింది, ఇక ఫోను పెట్టేశారు.

“వేడి” అంది రిపేరు అమ్మాయి. అప్పటికే రాగి గొట్టాల చట్రాన్ని పైకి ఎత్తుతోంది, ఒక మూల కాస్త, ఎదురు మూల కాస్త, చక్రం బోల్టులు వదులు చేసినట్టు. కింద చిప్పు బయటపడింది. అతను కొన్నదానిలో ఇది సగం కూడా లేదు, మూత లేదు, అద్దంలా ఉంది, దాని చుట్టూ, వేడిని గొట్టాలకు అందించాల్సిన పాత పేస్టు మట్టిగడ్డలా ఎండిపోయింది. ఫ్యాను రెక్కలకూ జాలికీ మధ్య దుమ్ము అట్టకట్టి ఉంటే పట్టకారుతో పట్టి లాగింది, నేసిన గుడ్డముక్కలా ఒకటే ముక్కగా వచ్చింది. “చూశారా? నీళ్ళు వేడిని మోసుకొస్తున్నాయి, ఇక్కడ దించడానికి తలుపు తెరుచుకోవట్లేదు. మరీ వేడెక్కితే చిప్పు తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది, కాలిపోకుండా. మీ అమ్మాయి చెప్పిన వంపు అదే.” అంటే చేతకాక ఆగడం లేదు. మోటారు కాలిపోకముందు లిఫ్టు నిలబడిపోతే జనం తిడతారు, అది నిలబడబట్టే మోటారు దక్కిందని మెకానిక్‌కు తెలుస్తుంది. తానూ తిట్టాడు దీన్ని, పాతదని, తరం మారిందని. ఇది ఇన్నాళ్ళూ మూతపడ్డ తలుపు ముందు బరువుతో నిలబడి, బొంగరం కోసం నిలబడగలిగినంత సేపు నిలబడింది. ఆమె చిప్పును గుడ్డతో తుడిచింది, ఒకసారి, గుడ్డ మడత మార్చి మళ్ళీ ఒకసారి, అద్దంలో దీపం కనిపించేదాకా. కొత్త పేస్టు వేసి గొట్టాల చట్రాన్ని మళ్ళీ బిగించింది. ర్యామ్ పెట్టే చోట్లు రెండు ఉంటే ఒకటే నిండి ఉంది, రెండోదానిలో కొత్త ర్యామ్ పెట్టి నొక్కింది, టక్కున కూర్చుంది. ఇది మార్చుకోవచ్చని చెప్పానుగా అంది. పలక మీది స్క్రూలు ఎక్కడివి అక్కడికే వెళ్ళాయి, పలక ఖాళీ అయింది.

మీట నొక్కింది. మీట దగ్గర దీపం వెలిగింది. తెర నల్లగా ఉంది. అతను తెర వైపు చూడలేక గోడ గడియారం వైపు చూశాడు, గడియారం వైపు చూడలేక ఆమె ముఖం వైపు చూశాడు. తెర నల్లగానే ఉంది. ఏడింటికి పందెం, బల్లకు బిగించిన స్టీరింగు, ముందు కుర్చీలో బొంగరం, ఎదురుగా ఏమీ లేదు. మొత్తం తీసేసినట్టు. చెట్ల దగ్గర మొదలుపెట్టి రోడ్డు కూడా. “అమ్మాయ్” అన్నాడు. “కొత్త ర్యామ్‌ని పరిచయం చేసుకుంటోంది బాబాయ్ గారూ. మొదటిసారి సమయం పడుతుంది. దాన్ని మాట్లాడించకండి.” చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది, పని అయిపోయినవాళ్ళు నిలబడినట్టు. కొత్త కంట్రోలర్ పెట్టిన ప్రతి లిఫ్టూ మొదటిసారి ఇలాగే చేస్తుంది, పై నుంచి కింది దాకా నెమ్మదిగా ఒకసారి పోయి అంతస్తులన్నీ లెక్కపెట్టుకుని వస్తుంది, ఆ సేపు భవనంలో వాళ్ళంతా చెడగొట్టాడురా అన్నట్టు చూస్తారు, అతను చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడతాడు. తాను కూడా చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. తెర వెలిగింది.

కిందికి దిగేటప్పుడు సంచీని గుండెకు పట్టుకుని, ఇంకో చెయ్యి లిఫ్టు గోడకు ఆనించాడు. మూడో అంతస్తు దగ్గర వణికింది. రేపు వచ్చి లైనింగు మార్చి పోతానని పైన ఆమెతో చెప్పి వచ్చాడు, ఆమె భవనం వాళ్ళను అడగాలి అంది, నేను అడుగుతాలే అన్నాడు.

ఇంట్లో భార్య పెట్టె తీసుకుని కిటికీలోంచి చూసి, చెప్పుల పక్కన పెట్టనా, వెనక్కి ఇస్తారా అని అడిగింది. ఇస్తానన్నాడు. బొంగరం తీగలు కలిపి, తెర మీద ఏవో రెండు మూడు మార్చి స్టీరింగు ముందు కూర్చుంది, పందేనికి ఇంకా సమయం ఉంది, ఒకసారి నడిపి చూస్తానంది. అతను కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు.

“ఏంటి నాన్నా?”

“నేను కూడా ఎక్కుతాను.”

అరచెయ్యి బల్ల మీద ఆనించి కళ్ళు మూసుకున్నాడు. ఫ్యాను మొదలైంది, తగ్గింది, ఒక స్థాయిలో నిలబడింది. స్టీరింగు తిరుగుతున్నప్పుడల్లా బల్ల కదులుతోంది, ఆ కదలిక చేతికి వస్తోంది, ఎడమ, కుడి, ఒక పొడుగాటి ఎడమ. వంతెన ఎప్పుడు వస్తుందో అడగలేదు, చక్రాల చప్పుడు డొల్లగా మారినప్పుడు తెలిసింది. తర్వాత వంపు. బల్ల తిరిగింది. ఫ్యాను అరవలేదు. మళ్ళీ వంతెన, మళ్ళీ వంపు, కొన్ని చుట్లు, ఫ్యాను అదే స్థాయిలో ఉంది, బరువు ఎక్కుతోంది, దిగుతోంది, తలుపు తెరుచుకుంటోంది. ఇంకోసారి వంతెన వచ్చింది. పక్కన ఊపిరి తీసుకోవడం వినిపించింది.

“నాన్నా” అంది బొంగరం, చెయ్యి తిప్పుతూనే. “నేను కళ్ళు తెరిచే ఉన్నాను. నువ్వూ తెరువు.”

తెరిచాడు. రోడ్డుకు రెండు వైపులా చెట్లున్నాయి. వాటికి నీడలు లేవు.